తలాఖు పొందిన స్త్రీకి రావలసిన సొమ్ము

గ్రామములో ఒక ముస్లిం దంపతుల కాపురము చెడినప్పుడు ఉభయపక్షములవారును తిన్నగా కోర్టుకు పోవుట అరుదు. ముందుగా మసీదు పెద్దలయొద్దకును, పిమ్మట గ్రామ పెద్దలయొద్దకును వచ్చెదరు. సర్పంచిని పిలుతురు, వార్డు సభ్యులను ఇద్దరు ముగ్గురిని కూర్చుండబెట్టుదురు. రెండు మూడు పంచాయితీలైన పిమ్మట ఒక మొత్తము తేలును. “ఇంతటితో ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులును, బాకీలును లేవు” అని స్టాంపు కాగితముమీద వ్రాసి, భార్యచేత సంతకమో వ్రేలిముద్రయో వేయించుదురు. సాక్షుల చోట పంచాయతీ సభ్యుల సంతకములే ఉండును.

ఆ మొత్తము ఏ లెక్క ప్రకారము వచ్చినది? చాల తావుల లెక్క యనునదే ఉండదు. భర్త ఇంత ఇత్తుననును. భార్య అన్నదమ్ములు అంత కావలెనందురు. నడుమ నొకచోట బేరము కుదురును. పశువుల సంతలోని బేరమునకును దీనికిని భేదము కనుపింపదు. కాని ఆమెకు రావలసినది బేరమునకు లోబడిన దయాధర్మము కాదు. అందు కొంత భర్త తీర్చవలసిన అప్పు, కొంత ఆమె సొంత ఆస్తి, కొంత ఆమె జీవనమునకై భర్త చేయవలసిన ఏర్పాటు, కొంత బిడ్డల సొమ్ము. ఈ పద్దులను విడివిడిగా చూపుటకే మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ విషయమున పంచాయతీ సభ్యులలో రెండు అభిప్రాయములు తరచుగా వినవచ్చును. ఇది వారి మతధర్మము, మనకు తెలియనిది, మనము జోక్యము చేసికొనరాదు అనునది ఒకటి. మూడు నెలలు గడచిన పిమ్మట ముస్లిం భర్తకు ఏ బాధ్యతయు లేదు అనునది రెండవది. ఈ రెండును సరికావు. విడాకులు, మహరు, మనోవర్తి మున్నగు విషయములలో ముస్లిములకు వారి ధర్మశాస్త్రమే వర్తించునని 1937 నాటి షరియతు చట్టము చెప్పుచున్న మాట నిజమే. అయితే ఆ ధర్మశాస్త్రములోనే స్త్రీకి గట్టి హక్కులు కలవు. వానికి తోడుగా పార్లమెంటు చేసిన చట్టములును, సుప్రీంకోర్టు తీర్పులును కలవు.

ఒక లెక్క వేసి చూతము. ఇది మేము ఊహించినది. ఏ గ్రామమునకును, ఏ కుటుంబమునకును సంబంధించినది కాదు. భర్త లారీ డ్రైవరు. నెలకు 24,000 రూపాయలు సంపాదించుచున్నాడు. పెండ్లియై తొమ్మిది సంవత్సరములు. ఏడేండ్ల కూతురు, నాలుగేండ్ల కొడుకు. నికా నాడు కాజీ పుస్తకములో వ్రాసిన మహరు 51,000 రూపాయలు. ఒక్క పైసయు ముట్టలేదు. పుట్టినింటివారు అమ్మాయికి ఐదు తులముల బంగారము, బీరువా, మంచము, వంటపాత్రలు ఇచ్చిరి. అల్లునికి మోటారు సైకిలును, లక్షన్నర రూపాయల రొక్కమును ఇచ్చిరి. ఇప్పుడు తలాఖు అయినది. పెద్దలు కూర్చుండి లక్ష రూపాయలు ఇప్పించిరి. అందరును “మంచి తీర్పు” అనుకొని లేచిరి.

ఆ లక్షను విడదీయుడు. 51,000 మహరు పాత బాకీ. అది ఇచ్చుట వలన భర్త కొత్తగా ఇచ్చినది ఏమియు లేదు. మిగిలినది 49,000. ఇద్దతు కాలపు ఖర్చు నెలకు 8,000 చొప్పున మూడు నెలలకు 24,000. మిగిలినది 25,000. ముప్పది యేండ్ల వయస్సు గల స్త్రీ శేష జీవితమునకు ఆ ‘మంచి తీర్పు’లో చూపిన ఏర్పాటు ఇదియే. బంగారము, బీరువా, మోటారు సైకిలు, రొక్కము మాటయే అందు లేదు. ఇద్దరు బిడ్డల తిండి, బడి మాటయు లేదు. పైగా ఇక ఏమియు అడుగనని ఆమె వ్రాసి యిచ్చినది.

మహరు

మహరును కొందరు కట్నముతో కలిపి మాటలాడుదురు. అది పొరపాటు. కట్నము పిల్ల వైపు నుండి వరుని వైపుకు పోవునది, చట్టము నిషేధించినది. మహరు భర్త భార్యకు ఇచ్చునది; వివాహమునకు అంగమైనది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే, షరియతు వర్తించువారి మహరు కట్నము క్రిందికి రాదని స్పష్టముగా చెప్పినది. మహరు భార్య తండ్రిది కాదు, అన్నది కాదు, ఆమె స్వంతము.

మహరునకు పైహద్దు లేదు. రూపాయలే కానక్కరలేదు, బంగారము, ఇల్లు, భూమి, విలువ గల మరి యే వస్తువైనను కావచ్చును. హైదరాబాదు ప్రాంతమున రూపాయలతో పాటు ‘సుర్ఖ్ దీనార్లు’ ఇన్ని అని వ్రాయు ఆచారము కలదు. అట్లు వ్రాసినప్పుడు ఎన్ని గ్రాముల బంగారమో కూడ వ్రాయించుట మేలు. లేనిచో పదేండ్ల తరువాత దీనారనగా ఏమి అను తగాదా వచ్చును. రూపాయలలో వ్రాసిన మహరునకు మరియొక చిక్కు కలదు. ఏబది యేండ్ల క్రిందట వ్రాసిన 500 రూపాయలు నేటికిని 500 రూపాయలే. బంగారమునకు ఆ బాధ లేదు.

మహరు రెండు విధములు: భార్య అడిగిన వెంటనే ఇచ్చుకొనవలసినది ఒకటి; మరణము చేతనో విడాకుల చేతనో వివాహము ముగిసినప్పుడు ఇచ్చుకొనవలసినది మరియొకటి. మొదటిదానిని ముఅజ్జల్ అనియు, రెండవదానిని మువజ్జల్ అనియు అందురు. తెలుగులో వ్రాయునప్పుడు ఒక్క అక్షరము తేడా! ఈ ఒక్క అక్షరము వలన కాగితములో అర్థము తారుమారు కాగలదు. కనుక వ్రాయువారు ఆ అరబ్బీ మాటలతో పాటు “అడిగిన వెంటనే”, “తరువాత” అని తెలుగు మాటలును చేర్చుట మంచిది. ఏది ఎట్లున్నను విడాకులైనంతనే, చెల్లింపని మహరు అంతయు వెంటనే చెల్లింపవలసినదగును.

నికా నాడు మహరు నిర్ణయింపకున్నను హక్కు పోదు. ఆమె తండ్రి వంశమందలి స్త్రీలకు నిర్ణయమైన మహరును బట్టి, ఆమె వయస్సు, అంతస్తు మున్నగువానిని బట్టి తగిన మహరు కట్టుదురు. దాంపత్యము జరుగకమునుపే విడాకులైనచో నిర్ణయించిన దానిలో సగము రావలెను.

“ఆమె మహరు మాఫీ చేసినది” అని భర్త తరఫువారు చెప్పు సందర్భములు చాల కలవు. భార్య ఇష్టపూర్వకముగా మహరును మాఫీ చేయవచ్చును. అది ఆమె సొమ్ము గదా. కాని దుఃఖములో ఉండగా చుట్టుముట్టి అనిపించినదియు, బెదిరించి అనిపించినదియు మాఫీ కానేరదు. పంచాయతీ ఎదుట ఈ మాట వచ్చినప్పుడు ఆమెను అత్తవారి నడుమ కాక వేరుగా కూర్చుండబెట్టి అడుగుట న్యాయము. నేడు మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఈ పనికి ఒక స్త్రీ సభ్యురాలు పోయినచో ఆమె నోట నిజమైన సమాధానము వచ్చును.

మహరు కొరకు సివిలు దావా వేయుటకు మూడు సంవత్సరముల గడువు కలదు. పెద్దల రాయబారములతో ఏండ్లు గడిపివేసినచో గడువు దాటిపోవును. భార్యయే కోర్టుకు పోయి, 1939 నాటి ముస్లిం వివాహముల రద్దు చట్టము క్రింద విడాకుల డిక్రీ పొందినను ఆమె మహరు హక్కునకు భంగము లేదని ఆ చట్టము అయిదవ సెక్షనే చెప్పుచున్నది.

ఆమె వెంట వచ్చినవి

1986లో పార్లమెంటు చేసిన ముస్లిం స్త్రీల విడాకుల హక్కుల రక్షణ చట్టము మూడవ సెక్షను ప్రకారము, పెండ్లికి ముందుగాని, పెండ్లి నాడుగాని, ఆ పిమ్మటగాని ఆమెకు ఎవరు ఏమి ఇచ్చినను అది ఆమెదే. పుట్టినింటివారు ఇచ్చినను, స్నేహితులు ఇచ్చినను, భర్తయే ఇచ్చినను, అత్తమామలు ఇచ్చినను భేదము లేదు. “మా వాళ్లు పెట్టిన గొలుసు మాకే చెందును” అను మాట ఈ చట్టము ముందు నిలువదు. జహేజు సామానంతయు ఈ పద్దులోనిదే.

మరి వరునికని పుచ్చుకొన్న రొక్కము, మోటారు సైకిలు సంగతి యేమి? జోడా పైకమని పేరు పెట్టినను అది కట్నమే. కట్నము తీసికొనుట నేరమగుటయే గాక, ఎవరు పుచ్చుకొన్నను దానిని నిర్ణీత గడువులో భార్యకు అప్పగింపవలెననియు, అంతవరకు అది ఆమె తరఫున దాచియుంచిన సొమ్ము వంటిదనియు వరకట్న నిషేధ చట్టము ఆరవ సెక్షను చెప్పుచున్నది. మేము ఊహించిన లెక్కలో ఆ లక్షన్నరను ఎవరును ప్రస్తావింపలేదని పాఠకులు గమనించియుందురు.

తగాదా వచ్చినప్పుడు సామానునకు సాక్ష్యమేది? పెండ్లినాడు వ్రాసిన జాబితా, నగల దుకాణపు రసీదులు, పెండ్లి ఫోటోలు, పెండ్లిలో ఉన్నవారి మాట. జాబితా వ్రాసి రెండు వైపులవారును సంతకము చేయు అలవాటు గల గ్రామములలో ఈ తగవు ఒక పూటలో తేలును.

భూమి, ఇల్లు

ఇక్కడ ఒక కఠిన సత్యము చెప్పక తప్పదు. ఇస్లాము ధర్మశాస్త్రములో భర్త ఆస్తి భర్తది, భార్య ఆస్తి భార్యది. భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి యను ఏర్పాటు లేదు. భార్య ఇరువది యేండ్లు అతని పొలములో కలుపు తీసినను, పాడి చేసినను, విడాకుల నాడు అతని పొలములో ఇంత భాగము నాదని అడుగుటకు వీలులేదు. ఇది స్త్రీకి న్యాయమని మేము అనజాలము. అందుచేతనే, ముందు చెప్పబోవు ‘న్యాయమైన ఏర్పాటు’ నిర్ణయించునప్పుడు ఆమె చేసిన చాకిరిని తలచుకొనవలెను.

దీనికి రెండవ వైపు కూడ కలదు. ఆమె పేర ఉన్న దానిలో భర్తకును భాగము లేదు. తల్లిదండ్రుల నుండి వారసత్వముగా వచ్చినది, తన కూలి డబ్బుతో కొన్నది, సంఘములో దాచుకొన్నది పూర్తిగా ఆమెదే. భర్త కాపుర కాలమున ఆమెకు ఇల్లో స్థలమో హిబా చేసి స్వాధీనము చేసియుండినచో, తరువాత విడాకులైనవని తిరిగి తీసికొనరాదు; భార్యాభర్తల నడుమ పూర్తియైన హిబాకు రద్దు లేదు. హిబా నోటిమాటగా చేసినను చెల్లును. చెప్పుట, పుచ్చుకొనుట, స్వాధీనపరచుట మూడును జరిగియుండవలెను. మహరునకు బదులుగా భూమినో ఇంటినో ఇచ్చినప్పుడు మాత్రము దస్తావేజు రిజిస్టరు చేయించి తీరవలెను. నోటిమాటను నమ్మి ఊరకున్న స్త్రీలు భూమిని పోగొట్టుకొనుచున్నారు.

విడాకులు ఖాయమైన పిమ్మట మాజీ భర్త ఆస్తికి ఆమె వారసురాలు కాదు. తిరిగి చేర్చుకొనుటకు వీలుగా ఇచ్చిన తలాఖులో ఇద్దతు గడువకముందే భర్త చనిపోయినచో ఆమెకు భార్య భాగము వచ్చును. బిడ్డల వారసత్వము తలాఖు వలన ఏమాత్రమును చెడదు. తండ్రి మరల పెండ్లాడినను, మొదటి భార్య బిడ్డలు తండ్రి ఆస్తికి వారసులే. ఆమెకు తన పుట్టినింటి ఆస్తిలోను కుమార్తె భాగము కలదు. కొడుకులున్నచోట అది ఒక్కొక్క కొడుకు భాగములో సగము. “పెండ్లిలో ఇచ్చితిమి గదా” అని అన్నదమ్ములు దానిని త్రోసిపుచ్చరాదు.

ఇద్దతు మూడు నెలలేనా?

తలాఖు పిమ్మట స్త్రీ మరల పెండ్లాడక ఆగియుండవలసిన కాలమును ఇద్దతు అందురు. అది మూడు ఋతుకాలములు. ఋతువు లేనివారికి మూడు చాంద్రమాసములు. గర్భిణికి ప్రసవము వరకు. ఈ కాలమున ఆమె పోషణ భర్తదే అనుటలో వివాదము ఎన్నడును లేదు. వివాదమంతయు ఆ పిమ్మటి కాలమును గూర్చినదే. ఈ వివాదములో మన తెలుగునాట పుట్టిన కేసులు రెండు ఉండుట వలన కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 125వ సెక్షను, పోషణ లేని భార్యకు మేజిస్ట్రేటు మనోవర్తి ఇప్పించు అధికారము గలది. మరల పెండ్లాడని విడాకులు పొందిన స్త్రీయు భార్యయేనని అది చెప్పినది, మతభేదము చూపలేదు. అయితే మతధర్మము ప్రకారము విడాకులనాడు ఇయ్యవలసిన మొత్తము ఇచ్చివేసినచో మనోవర్తిని రద్దు చేయవచ్చునని 127వ సెక్షనులో ఒక కిటికీ ఉంచిరి. ఆ కిటికీ గుండా తప్పించుకొనజూచిన వారిలో, ఆదోనిలో బ్యాంకు ఉద్యోగము చేయుచున్న భర్త యొకడు. భార్యకు మనోవర్తి ఉత్తర్వు రాగానే తలాఖు చెప్పి, మహరు 500 రూపాయలు, ఇద్దతు ఖర్చు 750 రూపాయలు చెల్లించి, ఇక నా బాధ్యత తీరినదనెను. హైకోర్టు అతని పక్షమే పలికినది. ఫజ్లున్ బీ అను ఆ స్త్రీ సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1980లో జస్టిస్ కృష్ణయ్యరు ధర్మాసనము, ఆమె బ్రదుకునకు సరిపడని కొద్దిపాటి మొత్తము చెల్లించుట వలన మనోవర్తి బాధ్యత తీరదని తీర్పు చెప్పినది.

1985లో ఇందూరు పట్టణపు షాబానో బేగము కేసు వచ్చినది. ఆమెకు 1932లో పెండ్లియైనది. 1978లో భర్త తలాఖు చెప్పెను. ఆయన వకీలు. మేజిస్ట్రేటు మొదట ఇప్పించిన మనోవర్తి నెలకు 25 రూపాయలు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసినది. ఈ స్వల్ప మొత్తముపై భర్త సుప్రీంకోర్టు వరకు వెళ్లి ఓడిపోయెను. విడాకులు పొందిన స్త్రీలకు తగిన ఏర్పాటు చేయుట భక్తిపరుల విధియని చెప్పు ఖురాను రెండవ అధ్యాయపు 241వ వాక్యమును ఆ తీర్పులో న్యాయమూర్తులు ప్రస్తావించిరి.

తీర్పుపై దేశమున పెద్ద అలజడి లేచినది. తత్ఫలితముగా వచ్చినదే పైన చెప్పిన 1986 చట్టము. భర్త ‘ఇద్దతు కాలములోపల’ న్యాయమైన, తగిన ఏర్పాటును, మనోవర్తిని చేసి చెల్లింపవలెనని అందు వ్రాసిరి. ఈ మాటకు కొందరు ఇద్దతు కాలమునకు మాత్రమే అని అర్థము చేసికొనిరి. 1990లో మన హైకోర్టు ఫుల్ బెంచి కూడ అట్లే తీర్పు చెప్పినది. గ్రామములలో నేటికిని తిరుగాడు “మూడు నెలలతో సరి” అను మాటకు ఇది బలము చేకూర్చినది.

2001 సెప్టెంబరు 28న దానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ సందేహమును తీర్చివేసినది. ఇద్దతు అనునది చెల్లించుటకు గడువు. ఎంత కాలమునకు చెల్లింపవలెనో చెప్పు కొలత కాదు. భర్త ఆమె భవిష్యత్తు అంతటికిని సరిపడు ఏర్పాటును ఇద్దతు గడువు దాటకమునుపే చేయవలెను. ఆమె అవసరములు, కాపురము నాటి జీవన స్థాయి, భర్త స్తోమతు అను మూడింటిని బట్టి మేజిస్ట్రేటు మొత్తమును నిర్ణయించును. మా ఊహా లెక్కలోని 25,000 రూపాయలను ఈ మూడు కొలతల ముందు పెట్టి చూడుడు.

1986 చట్టము వచ్చినందున పాత 125వ సెక్షను ముస్లిం స్త్రీకి మూతపడినదా అను ప్రశ్న ఒకటి మిగిలియుండెను. తెలంగాణ నుండి వెళ్లిన కేసులో ఇది తేలినది. కుటుంబ న్యాయస్థానము ఒక విడాకులు పొందిన స్త్రీకి నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇప్పింపగా, హైకోర్టు దానిని 10,000కు తగ్గించినది. ముస్లిం స్త్రీ 1986 చట్టము క్రిందనే పోవలెనని భర్త వాదించెను. 2024 జూలై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ వాదమును త్రోసివేసి, ముస్లిం స్త్రీ తన ఇష్టమును బట్టి ఈ చట్టము క్రిందగాని, ఆ సెక్షను క్రిందగాని, రెండింటి క్రిందగాని పోవచ్చునని తీర్పు చెప్పిరి. 2024 జూలై 1 నుండి పాత కోడు స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. అందు 125వ సెక్షనునకు బదులు 144వ సెక్షను చదువుకొనవలెను.

మాజీ భర్త చేసిన ఏర్పాటు ఏమియు లేక, ఆమె తన్ను తాను పోషించుకొనలేని స్థితిలో ఉన్నచో, ఆమె బిడ్డలు, తల్లిదండ్రులు, ఆమె ఆస్తికి వారసులు కాదగిన బంధువులు పోషింపవలెననియు, వారికిని శక్తి లేనప్పుడు రాష్ట్ర వక్ఫు బోర్డు పోషింపవలెననియు 1986 చట్టము నాలుగవ సెక్షను చెప్పుచున్నది. బంధువులందరిమీదను వరుసగా కేసులు నడిపిన పిమ్మటనే బోర్డును అడుగవలెనను నిర్బంధము లేదని 1996లో సుప్రీంకోర్టు తేల్చినది.

మూడుమార్ల తలాఖు, ఖులా

ఒక్క ఊపున మూడుమార్లు తలాఖు చెప్పుటను 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2019 చట్టము దానిని నేరముగా చేసినది. మూడు సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. నోటితో చెప్పినను, ఉత్తరము వ్రాసినను, ఫోనులో పంపినను అది తలాఖే కాదు. వివాహము అట్లే నిలిచియున్నది. కనుక అట్టి తలాఖును పట్టుకొని పంచాయతీ పెద్దలు ‘విడాకుల కాగితము’ వ్రాయుట లేని దానిని ఉన్నదని వ్రాయుటయే. ఆ స్త్రీకి, బిడ్డలకు జీవనభృతి ఇయ్యవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

భార్యయే విడిపోదలచినప్పుడు ఖులా మార్గము కలదు. ఖులాకు భర్త సమ్మతి అవసరము లేదనియు, మహరు తిరిగి ఇచ్చుటను గూర్చి మాటలాడుకొనవచ్చునే గాని ఖులానే నిరాకరింపరాదనియు 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పినది. ఖులాలో సాధారణముగా భార్య మహరును వదలుకొనును. అయినను ఆమె వదలునది ఒప్పందములో చెప్పినంతవరకే. నగలు, సామాను దానంతట అవి పోవు. బిడ్డల మనోవర్తిని తల్లి వదలుకొనజాలదు, అది ఆమెది కాదు గనుక. విడాకులు ఎవరి వైపు నుండి వచ్చినను, బిడ్డలు తల్లియొద్ద ఉన్నను, వారి పోషణ తండ్రి బాధ్యత. 1986 చట్టము శిశువులను గూర్చి రెండేండ్ల మాట వ్రాయుట చూచి, రెండేండ్లతో సరియని కొందరు తండ్రులు వాదించిరి. 1997లో సుప్రీంకోర్టు దానిని అంగీకరింపలేదు. బిడ్డల హక్కు వేరు, తల్లి హక్కు వేరనినది.

కాగితము వ్రాయునప్పుడు

గ్రామ పంచాయతీ ఈ విషయములలో కోర్టు కాదు. మసీదు కమిటీ, ముఫ్తీ, కాజీ చెప్పినది కూడ బలవంతముగా అమలుచేయదగిన తీర్పు కాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. ఉభయులును కోరినప్పుడు రాజీ కుదుర్చుట మంచి పనియే. కాని “సర్వహక్కులు వదలుకొంటిని” అను ఒక్క వాక్యము చాల ప్రమాదకరము. విడాకుల పిమ్మట స్త్రీ స్వచ్ఛందముగా మనోవర్తి హక్కును వదలుకొన్నదని రుజువైనచో ఉత్తర్వును రద్దు చేయవచ్చునని చట్టములో ఉన్నది. రేపు ఆమె మేజిస్ట్రేటు ఎదుట నిలిచినప్పుడు, మీరు సాక్షి సంతకము చేసిన కాగితమునే భర్త వకీలు తెచ్చి చూపును.

అందుచేత మహరు ఎంత, అందు ముట్టినది ఎంత. ఇద్దతు ఖర్చు ఎంత. భవిష్యత్తునకు చేసిన ఏర్పాటు ఎంత. ఏ వస్తువులు తిరిగి అప్పగించిరి, ఏవి ఇంకను రావలెను. బిడ్డలకు నెలకు ఎంత, ఏ బ్యాంకు ఖాతాలో ఏ తేదీన వేయుదురు అని పద్దు పద్దుగా వ్రాయించుడు. రొక్కము చేతికి ఇచ్చితిమని వ్రాయుటకంటె ఆమె ఖాతాలో వేసిన రసీదు మేలు. అన్న ఖాతా కాదు, ఆమె ఖాతా. సంతకమునకు ముందు అంతయు ఆమెకు అర్థమగు భాషలో చదివి వినిపింపవలెను. ఉర్దూ మాత్రమే తెలిసిన స్త్రీకి తెలుగు కాగితము, తెలుగు మాత్రమే తెలిసిన దూదేకుల స్త్రీకి ఉర్దూ కాగితము చూపి సంతకము తీసికొనుట మోసముతో సమానము.

రాజీ కుదరనిచో ఆలస్యము చేయరాదు. ఆమె తాను నివసించు ప్రాంతపు మొదటి తరగతి మేజిస్ట్రేటు ఎదుట, కుటుంబ న్యాయస్థానమున్నచోట మనోవర్తికై అచ్చట, దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 1986 చట్టము క్రింద పెట్టిన దరఖాస్తును నెల లోపల తేల్చవలెనని నియమము. ఉత్తర్వును ధిక్కరించిన భర్తకు సంవత్సరము వరకు ఖైదు. ప్లీడరు ఖర్చునకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఎంత ఆదాయము గల స్త్రీయైనను ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. మండల న్యాయసేవా కమిటీని అడుగవచ్చును; 15100 నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు. పోవునప్పుడు నికాహ్‌నామా నకలు, సామాను జాబితా, బిడ్డల పుట్టిన తేదీ పత్రములు, భర్త సంపాదనను గూర్చి దొరికిన కాగితములు వెంట ఉండవలెను. నికాహ్‌నామా పోయినచో నికా జరిపిన కాజీ కార్యాలయపు పుస్తకము నుండి నకలు తెచ్చుకొనవలెను.